పక్క కుర్చీ

"మాస్టారు పోయారండి," అంది ఫోన్లో గొంతు. "పొద్దున్న కాఫీ తాగి, పేపరు చూస్తా చూస్తా అలాగే..."

నాలిక చివరిదాకా వచ్చిన మాటని పళ్ల మధ్య పట్టి ఆపాను. ఆ మాట 'అయ్యో' కాదు, 'ఆర్డరేదండీ?' అన్నది. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది. ఏ వార్త విన్నా ముందు ఆ ప్రశ్నే పుడుతుంది. రేపు సెలవంటండి అంటే, ఆర్డరేదండీ? డి.ఎ. పెరిగిందటండి అంటే, ఆర్డరేదండీ? మా పెద్దమ్మాయికి మగపిల్లాడు పుట్టాడని మిఠాయి పొట్లం పట్టుకెళ్తే, ఒకటి నోట్లో వేసుకుని, "శుభం. ఆర్డరేదండీ?" అన్నారు. నేనూ ఆయన శిష్యుణ్ణే కాబట్టి జేబు తడుముకుని ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం తీసి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చదివారు. "సంతకం ఉంది గానీ సీలు సరిగ్గా పడలేదండి. పిల్లాడు పుట్టాడు గానీ ఇంకా జాయినవ్వలేదు," అని తేల్చారు.

చావుకి ఆర్డరు ఎవరిస్తారో నాకు తెలీదు. ఇచ్చేవాడెవడైనా ఆయన విషయంలో ఆలస్యం చెయ్యలేదు. ఉద్యోగంలో చేరాక ఆయనకి వేళకి అందిన ఆర్డరు బహుశా అదొక్కటే.

ఆయన పేరు రాయను. రాస్తే, "రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నారా?" అని అడిగే మనిషి. పోయారు కదా, ఇంక అడగరులే అనుకునే ధైర్యం నాకింకా రాలేదు.

కోనసీమలో గోదావరి పాయ ఒడ్డునున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆయన లెక్కల మాస్టారు, నేను సోషల్ మాస్టారిని. అంటే ఆయన చెప్పినవి ఎప్పటికీ మారవు, నేను చెప్పినవి పుస్తకం మారినప్పుడల్లా మారిపోతాయి. తొంభైల్లో మా బడికి హెడ్మాస్టరు లేరు. ఉన్నాయన రిటైరయ్యారు, కొత్తాయన రాలేదు. ప్రమోషన్లు కోర్టులో చిక్కుకున్నాయి. పిల్లలు, "మన హెడ్మాస్టరు గారు ఎక్కడున్నారండీ?" అంటే, "కోర్టులో ఉన్నార్రా," అనేవాణ్ణి. పాపం, ఆయనెవర్నో పొడిచాడనుకునేవారు.

అందరికంటే సీనియర్ కాబట్టి మా లెక్కల మాస్టార్ని ఇన్‌ఛార్జి చేశారు. మా వైపు ఇన్‌ఛార్జికి ఒక ఆచారం ఉంది. హెడ్మాస్టరు కుర్చీలో కూర్చోకూడదు. ఏ రూలు పుస్తకంలోనూ ఆ మాట లేదు, అయినా అందరికీ తెలుసు. పెద్ద కుర్చీ పక్కన క్లాసులోంచి ఒక చెక్క కుర్చీ తెచ్చి వేసుకుంటారు. అదే బల్ల, అవే సంతకాలు, అవే తిట్లు. పెద్ద కుర్చీ మాత్రం తువ్వాలు కప్పుకుని, పెళ్లికొడుకు రాని పెళ్లిపీటలా ఖాళీగా ఉంటుంది. చాలామంది కొన్నాళ్లు పక్కన కూర్చుని, ఏ వేసవి మధ్యాహ్నమో ఫ్యానుగాలి అటు బాగా వస్తోందని మెల్లిగా అందులోకి జరిగిపోతారు. ఏళ్లు జరిగాయి గానీ ఈయన జరగలేదు.

ఊరి సర్పంచి వచ్చినప్పుడల్లా నవ్వేవాడు. "అందులో కూర్చోండి మాస్టారూ, ఎవరు చూడొచ్చారు? మేవేవన్నా కంప్లైంటిస్తావేంటి?"

"కుర్చీ చూస్తుందండి."

"కుర్చీకి కళ్లున్నాయాండీ?"

"పేము అల్లిక చూడండి. అంతా కళ్లే."

బల్లకి ఎదురుగా కాక మూలగా కూర్చుని రాసీ రాసీ ఆయన ఒళ్లే ఒక పక్కకి ఒరిగిపోయింది. బస్సులో కూర్చున్నా, అన్నం తింటున్నా, కుడివైపు ఎవరో పెద్దమనిషి ఉన్నట్టు ఎడమకి వాలి ఉండేవారు. ఆయన భార్యని నేను అక్కయ్యగారు అనేవాణ్ణి. ఆవిడ ఒకసారి నా విస్తట్లో పప్పు వేస్తూ, "నిద్దట్లో కూడా మంచానికి ఓ పక్కనే పడుకుంటారండి. మిగతా సగం హెడ్మాస్టరు గారికి కాబోలు," అన్నారు. ఆయన వినిపించుకోనట్టు మజ్జిగ కలుపుకున్నారు.

ఇదంతా విని ఆయనకి కుర్చీ మీద ఆశ లేదనుకుంటే పొరపాటు. ఒక కుర్చీని అంతగా కోరుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. రోజూ బడి తెరవగానే దాని తువ్వాలు దులిపి మళ్లీ కప్పేది ఆయనే, అటెండరు కాదు. వదులైన చెయ్యికి మేకు కొట్టించిందీ ఆయనే. ఆర్డరు వచ్చిన రోజున రాయాల్సిన వాక్యం కూడా ఆయన దగ్గర సిద్ధంగా ఉండేది: 'ఈ దినము పూర్వాహ్నమున ప్రధానోపాధ్యాయునిగా బాధ్యతలు స్వీకరించితిని.' ఓసారి బోటు కోసం రేవులో నిలబడి ఉండగా నాకు వినిపించారు. "పూర్వాహ్నం అనే ఎందుకండీ? మధ్యాహ్నం ఆర్డరొస్తే?" అన్నాను. "మర్నాడు పొద్దున్న చేరతాను. అలాంటి పని ఎండ నడినెత్తికొచ్చాక చెయ్యకూడదండి," అన్నారు.

ఇక ఆదివారాల సంగతి.

హెడ్మాస్టరు కావాలంటే అనుభవం ఒక్కటే చాలదు, డిపార్ట్‌మెంటల్ టెస్టులు పాసవ్వాలి. వాటిలో చిత్రమేమిటంటే పుస్తకాలు చూసి రాయొచ్చు. చూసి రాయడమే కదా అని ధీమాగా వెళ్లి నేను మూడుసార్లు తప్పాను. పిల్లల చేత పుస్తకాలు మూయించి పరీక్ష రాయించిన వాణ్ణి, పుస్తకం తెరుచుకుని రాయలేకపోయాను. ఎందుకంటే అవి చదివే పుస్తకాలు కావు, వెతికే పుస్తకాలు. సెలవు కోసం వెతుకుతుంటే సస్పెన్షన్ దొరికేది.

నాలాంటి వాళ్ల కోసం ఆయన రావులపాలెంలో ఆదివారం క్లాసులు పెట్టారు. అరటికాయల మార్కెట్ వెనక, ఒక వ్యాపారి ఇచ్చిన మేడగది. రెండు గోదావరి జిల్లాల వాళ్లకీ బస్సులు కలిసే చోటని అక్కడ పెట్టారు. కింద గెలలు దించుతున్న అరుపులు, పైన ఫండమెంటల్ రూల్స్. తెల్లజుట్టు మాస్టర్లు, కళ్లజోడు టీచరమ్మలు చాపల మీద మఠం వేసుకుని కూర్చునేవాళ్లం. వారమంతా పిల్లల్ని గుంజీళ్లు తీయించిన వాళ్లం అక్కడికి రాగానే పిల్లలమైపోయేవాళ్లం. ఒకరి పుస్తకంలోంచి ఒకరం చూసేవాళ్లం. ఇంటిపని చెయ్యలేదంటే, ఇంట్లో వ్రతమండి అనేవాళ్లం.

నరసాపురం నుంచి ఒక టీచరు గారు వచ్చేవారు. తెల్లవారకుండా పంటు మీద గోదావరి దాటి, రెండు బస్సులు మారి, అందరికంటే ముందు వచ్చి, క్లాసంతా లేసు అల్లుతూ కూర్చునేవారు. మొదటి ఆదివారమే మాస్టారు ఆపారు.

"అమ్మా, అదేంటి?"

"చేతులు ఖాళీగా ఉంటే నిద్రొచ్చేస్తదండి మాస్టారూ. చెవులు ఇటేనండి."

"అయితే ఇందాక చెప్పిన రూలు చెప్పండి."

సూది ఆపకుండా అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. అప్పటినుంచి ఆ సూది జోలికి ఆయన వెళ్లలేదు. పైగా ఆవిడ సంచిలోని దారాలే మా అందరి పుస్తకాలకీ గుర్తులయ్యాయి. ఎర్రదారం లాగితే శిక్షలు, పచ్చదారం లాగితే సెలవులు, తెల్లదారం లాగితే బడి సామాను. ఆ దారాల పుణ్యమా అని నేను కూడా గట్టెక్కాను.

పరీక్ష ఒక్కటే కాదు, మమ్మల్ని హెడ్మాస్టర్లుగా నటించమనేవారు కూడా. ఒకరు హెడ్మాస్టరు, ఒకరు బిల్లు తిప్పి పంపే ట్రెజరీ గుమాస్తా, ఒకరు కొడుకుని పాస్ చెయ్యమని వచ్చిన ప్రెసిడెంటు గారి బావమరిది. బావమరిది వేషం నాకు బాగా కుదిరేదని అందరూ అనేవారు. ఎవరైనా హెడ్మాస్టరు వేషంలో గొంతు పెంచితే ఆయన చెయ్యెత్తి ఆపేవారు. "ఎందుకండీ ఆ అరుపు? హెడ్మాస్టరంటే ఏంటనుకున్నారు? బడిలో ఏది జరిగినా మీరే చేసినట్టు. ఏదీ జరక్కపోతే మీరే చెయ్యనట్టు. అంతే. దీనికి అరవడం దేనికి?" ఇంకో మాట ప్రతివారం చెప్పేవారు, మేం ఆయనతో కలిసి వల్లించేవాళ్లం: "జరిగింది రాయండి. జరగంది రాయకండి. రాయలేంది జరక్కుండా చూసుకోండి."

ఒక ఆదివారం క్లాసయ్యాక ఆయనే ఆ టీచరు గారిని అడిగారు. "అన్ని వారాలుగా అల్లుతున్నారు, ఏంటమ్మా అది?"

"కుర్చీ వీపు మీద వేసేదండి. మీకు ఆర్డరొచ్చిన్రోజున మీ కుర్చీకి వేద్దావని."

చాపల మీద అందరం ఎదురుచూశాం, ఇప్పుడంటారు, ఇప్పుడంటారు, 'ఆర్డరేదండీ?' అని. ఆయన అనలేదు. బోర్డు వైపు తిరిగి, అప్పటికే తుడిచేసిన బోర్డుని మళ్లీ తుడిచారు. ఆ లేసుని చివరికి ఆవిడ ఆర్డరు రాకముందే ఇచ్చేశారు. అక్కయ్యగారు కలరా ఉండలు వేసి పెట్టెలో దాచారు.

కొన్నాళ్లకి ఆ టీచరు గారు హెడ్మాస్టరయ్యారు. ఆవిడది గవర్నమెంటు స్కూలు, వాళ్ల ప్రమోషన్ల దారి వేరు, మా దారికున్న అడ్డు వాళ్లకి లేదు. మరికొన్నేళ్లకి మా వైపే ఉప విద్యాధికారిగా వచ్చారు. మాస్టారు రావులపాలెంలో ఆ రోజు అందరికీ అరటిపళ్లు పంచారు. గుర్తున్నంతవరకు, ఆర్డరు అడక్కుండా ఆయన నమ్మిన వార్త అదొక్కటే.

ఒక ఏడాది శ్రావణంలో గోదావరి పొంగింది. లంకల్లోని జనం పిల్లల్ని, మేకల్ని, మూటల్ని పట్టుకుని మా బడి మేడెక్కారు. పడవలో బియ్యం వచ్చింది. పొయ్యిలోకి ఎండుపుల్ల లేదు. కొబ్బరిమట్టలన్నీ నాని నీళ్లు కారుతున్నాయి. పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి, ఏడవడం కూడా మానేశారు. 

మేడమీద ఒక గదినిండా విరిగిన బెంచీలున్నాయి. కాళ్లు లేనివి, పలకలు ఊడినవి, చెద తిన్నవి. బడిలో విరిగిన వస్తువుని కూడా పారెయ్యడానికి లేదు. పనికిరాదని పైవాళ్లు ఒప్పుకుంటూ ఆర్డరివ్వాలి, అప్పుడు వేలం వెయ్యాలి. ఆ ఆర్డరు కోసం ఈయన ఏటా రాస్తున్నారు. ఏటా జవాబు లేదు. పాఠంగా కూడా ఇదే చెప్పేవారు: "విరిగిన బెంచీ మీద కూర్చోలేం, దాన్ని పడెయ్యలేం. దాన్నే ప్రభుత్వ ఆస్తి అంటారండి."

ఆయన ఆ గది కిటికీ దగ్గర నిలబడి కాసేపు లోపలికి చూశారు. తర్వాత బొడ్లోంచి తాళాలు తీసి తలుపు తెరిచి, "గొడ్డలేదండీ?" అన్నారు.

నాకు నవ్వాగలేదు. అంత బాధలోనూ, "మాస్టారూ, ఆర్డరేదండీ?" అన్నాను.

"ముందు ఆ చివర పట్టుకోండి," అన్నారు.

సాయంత్రానికి అన్నం ఉడికింది. పాత బెంచీలు ఎంత బాగా మండాయో! ఒక ముసలమ్మ పొయ్యి ముందు కూర్చుని, సగం కాలిన పలక మీద చాకుతో చెక్కిన పేరుని చూపించి, "ఇది మా మనవడిదేనండి, ఎదవ, బల్లల మీద రాతలు," అని మురిసిపోయింది. మాస్టారు అందరూ తిన్నాక తిన్నారు. ఎప్పటిలా ఓ పక్కకి ఒరిగి.

నీళ్లు తీశాక ఆయన మొదట చేసిన పని స్టాకు రిజిస్టరు తెరిచి, బెంచీల పేజీలో ఎర్రసిరాతో రాయడం: 'వరద బాధితులకు అన్నము వండుటకు నా నోటిమాటపై వంటచెరకుగా వాడబడినవి.' కింద సంతకం, దాని కింద ఇన్‌ఛార్జి.

ఆ తర్వాత ఆదివారం మేడగదిలో ఇదే గోల. ఒకాయన లేచి, "ఎంత పని చేశారండీ మాస్టారూ! 'కొట్టుకుపోయినవి' అని ఒక్క ముక్క రాసేస్తే పోయేదిగా? గోదారొచ్చి సాక్ష్యం చెప్తదా?" అన్నాడు.

"మేడమీద గదిలోవి ఎలా కొట్టుకుపోతాయండీ?"

"నీళ్లు మేడెక్కాయనండి."

"నీళ్లు మేడెక్కితే ఊరుండదండి. మీరూ ఉండరు."

అందరూ నవ్వారు. నవ్వి, ఎవరి బళ్లకి వాళ్లు వెళ్లి, ఎవరి రిజిస్టర్లలో వాళ్లు రాసుకున్నారు. ఆ ఏడాది రెండు జిల్లాల్లోనూ విరిగిన బెంచీలన్నీ ఈత నేర్చుకున్నాయి. గట్టు మీద ఊళ్లలోవి కూడా. వాటి వెంట తలుపు పడని బీరువాలు, ముల్లు విరిగిన త్రాసులు వెళ్లాయి. ఒక బడిలో ఎవరింటికో ఎప్పుడో వెళ్లిపోయిన హార్మోనియం కూడా మెట్ల మీద మెట్లు వాయించుకుంటూ సముద్రంలో కలిసింది. పోయిన సామానుని లెక్కల్లోంచి ఎలా రద్దు చేయించుకోవాలో, ఏ కాగితానికి ఏ కాగితం జత చెయ్యాలో ఆ మేడగదిలో నేర్చుకున్నదే. తెల్లదారం లాగితే చాలు. వాళ్లందరికీ ఆర్డర్లు చకచకా వచ్చాయి. రాని ఆర్డరు ఒక్కటే, జరిగింది రాసిన బడిది.

ఆడిట్ వాళ్లు ఆ ఎర్రసిరా దగ్గర ఆగారు. ఆగుతారు కదా మరి, జిల్లా అంతటికీ అదొక్కటే నిజం. కొన్నాళ్లకి మా ఇన్‌ఛార్జి గారికి చార్జిమెమో వచ్చింది, అనుమతి లేకుండా ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేశారని. ఏళ్లకేళ్లు చార్జి ఇవ్వనివాళ్లు ఇలా ఇచ్చారు.

నేను వెళ్లేసరికి ఆయన పక్క కుర్చీలో కూర్చుని, ఎర్రపెన్నుతో ఆ మెమోని దిద్దుతున్నారు.

"ఏంటండీ అది?"

"ఎవరు డ్రాఫ్టు చేశారో గానీ రూలు తప్పు రాశారండి. ఇది పోగొట్టుకున్న సామానుకి. నేను పోగొట్టుకోలేదు, కాల్చాను. ఇలా ఉంటే కేసు నిలబడదు."

"నిలబడకపోతే మంచిదే కదండీ!"

"మన మేడగదిలో చదివినోళ్లే రాసుంటారండి. ఇంత తప్పు రాస్తే నాకు పేరా?"

"ఉరితాడుకి పురి సరిగ్గా పడలేదని మీరే పేని ఇస్తారేంటండీ!" అని అరిచాను. పిల్లలు కిటికీలోంచి చూశారు. ఆయన మాత్రం కామా ఒకటి సరిచేసి, "అరవకండి, పక్క క్లాసులో లెక్కలు చేస్తున్నారు," అన్నారు. అది నిజాయితీయో, మొండితనమో, పంతులుతనమో నాకిప్పటికీ తేల్చుకోవడం రాలేదు. మూడూ ఒకే మందులో కలిసి ఉంటాయనుకుంటాను, మింగేవాడికి చేదు ఒక్కటే తెలుస్తుంది.

విచారణకి వచ్చింది నరసాపురం టీచరు గారే. ఉప విద్యాధికారి హోదాలో, జీపులో. మాస్టారు లేచి నమస్కారం పెట్టి పెద్ద కుర్చీ మీది తువ్వాలు తీశారు. ఆఫీసరు కాబట్టి ఆవిడ అందులోనే కూర్చోవాలి. కూర్చునే ముందు కుర్చీ వీపుని ఒకసారి చూశారు. చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. అన్నేళ్లలో ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను అప్పుడే చూశాను.

రికార్డు రాసేందుకు నన్ను కూర్చోబెట్టారు కాబట్టి అన్నీ విన్నాను. ముందు కాసేపు ఆవిడ పెన్ను మూసే ఉంది.

"మాస్టారండీ, 'వరదలో పాడైనవి' అని రాసివ్వండి. అంతేనండి. ఆ రిజిస్టర్లో రాసింది కంగార్లో రాశానని ఒక ముక్క. నేను క్లోజ్ చేసేస్తాను."

"వరదలో పాడవలేదమ్మా. అంతకుముందే పాడయ్యాయి."

"పోనీ అలాగే రాయండి."

"అలాగే రాస్తున్నానమ్మా ఏటా. మీ ఆఫీసులో ఫైలుంటుంది, చూడండి."

ఆవిడ గొంతు తగ్గించారు. "కోర్టు గొడవ తేలిందండి. వచ్చే నెల్లో ప్రమోషన్ల పానెల్ వేస్తన్నారు. మీది మొదటి పేరండి. ఈ చార్జి ఉంటే మీ పేరు పక్కన పెట్టేస్తారు."

"పక్కనుండటం నాకలవాటేనమ్మా," అన్నారు ఆయన.

ఆవిడ తన పుస్తకం తెరిచారు. తెల్లదారం మాసిపోయి గోధుమరంగుకి తిరిగింది. ఆ పేజీలోని రూలు చదివి, ప్రశ్నలు అడిగి, జవాబులు నాచేత రాయించారు. అన్నిటికీ ఆయన, అవును, నేనే, నా నోటిమాటపై, అన్నారు. లేచేటప్పుడు ఆవిడ, "మీరు నేర్పినట్టే చేశానండి," అన్నారు.

"తెలుసమ్మా. బాగా నేర్చుకున్నారు."

అది మెచ్చుకోలో దెప్పో ఆవిడకీ తెలియలేదు. జీపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి చూసి ఎక్కారు.

పానెల్ వచ్చింది. మొదటి పేరు పక్కన, చార్జీలు తేలనందున వాయిదా. మిగతావాళ్లందరికీ వచ్చింది. ఈత నేర్చిన బెంచీల వాళ్లకి, హార్మోనియం ఆయనకి, ఆఖర్న ఎక్కడో నాకు. నన్ను తుని అవతలికి వేశారు. తుని వైపు నుంచి ఒక కుర్రాయన, మేడగదిలో చివరి చాప మీద కూర్చునేవాడు, మా బడికి హెడ్మాస్టరుగా వచ్చాడు.

చార్జి అప్పగించేటప్పుడు నేనింకా అక్కడే ఉన్నాను. మాస్టారు తాళాలు, రిజిస్టర్లు, సీళ్లు ఒక్కొక్కటీ ఇచ్చి, తువ్వాలు తీసి మడతపెట్టి, "కూర్చోండి," అన్నారు. ఆ కుర్రాయన మొహమాటపడ్డాడు. "మీ ముందు ఎలాగండీ మాస్టారూ..."

"ఆర్డరుంది కదండీ. కూర్చోండి. ఎడమచెయ్యి కొంచెం వదులు, బరువు దాని మీద వెయ్యకండి."

ఆయన కూర్చున్నాడు. పూర్వాహ్నమే. మాస్టారు పక్క కుర్చీని తనే ఎత్తుకుని, తీసుకొచ్చిన క్లాసులోనే మళ్లీ పెట్టి, ఆ క్లాసుకే లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత మేడగదికి ఒక్కసారే వచ్చారట. కొత్త బ్యాచి, కొత్త దారాలు. "వెతకడం అందరికీ నేర్పానండి. మీ ముందువాళ్లు బాగా వెతుక్కున్నారు. ఎవరికి కావలసింది వాళ్లకి దొరికింది," అని, సుద్దముక్క బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయారట. కింద అరటి వ్యాపారి, "ఏంటి మాస్టారూ, అప్పుడే అయిపోయిందా?" అంటే, "ఆయ్, అయిపోయిందండి," అన్నారట.

ఆయన రిటైరయ్యాక ఒకసారి వాళ్లింటికి వెళ్లాను. ఆ లేసు టీవీ మీద ఉంది. తెల్లగా, ఒక్క ముడి చెదరకుండా. నేను చూడటం ఆయన చూశారు. "టీవీది పర్మినెంటు పోస్టండి. ఇబ్బంది లేదు," అన్నారు. అక్కయ్యగారు వంటింట్లో గిన్నె ఒకటి గట్టిగా పెట్టారు.

మేం మాట్లాడుతుండగానే ఆ కుర్ర హెడ్మాస్టరు చెమటలు కక్కుతూ వచ్చాడు. చేతిలో కాగితం. విరిగిన బెంచీలు పనికిరానివని ఒప్పుకుంటూ, వెంటనే వేలం వేయవలసిందని పైనుంచి ఆర్డరు. మాస్టారు ఏటా రాసిన ఉత్తరాలకి జవాబు. "ఇప్పుడు నేనేం వేలం వెయ్యనండీ?" అని ఏడుపు మొహం పెట్టాడు. మాస్టారు కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశారు. సంతకం చూశారు, సీలు చూశారు. "ఆర్డరు బాగుందండి," అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఆగక, అక్కయ్యగారు మంచినీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. మరికొన్నాళ్లకి, విలువలేని సామాను కాబట్టి చార్జిమెమోపై తదుపరి చర్య విరమించడమైనదని ఇంకో కాగితం వచ్చింది. దాన్ని ఆయన చదవనైనా లేదని అక్కయ్యగారు చెప్పారు.

సంతాపసభ రావులపాలెంలోనే పెట్టారు, ఒక కల్యాణమండపంలో. రెండు జిల్లాల హెడ్మాస్టర్లూ వచ్చారు. ఒకేచోట అంతమంది హెడ్మాస్టర్లుంటే బెల్లు కొట్టేవాడే ఉండడు. వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర సీనియారిటీ లెక్కలు తెగక సభ ఆలస్యంగా మొదలైంది. చివరికి ఎవరో తెలివిగా, మధ్యలో ఉన్న పెళ్లికొడుకు కుర్చీలో, ఎర్ర మఖమల్ దాంట్లో, మాస్టారి ఫొటో పెట్టి దండ వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో మాత్రం నిలవలేదు. ఎన్నిసార్లు సర్దినా ఎడమకి జారిపోతూనే ఉంది.

గొప్పగా మాట్లాడారు. నిజాయితీ అన్నారు, నిప్పు అన్నారు. హార్మోనియం ఆయన మైకు పట్టుకుని, "ఆ బెంచీల విషయంలో కాస్త లౌక్యం చూపించి ఉంటే మాస్టారు మనందరికంటే పైన ఉండేవారు," అన్నాడు. పక్కాయన అందుకుని, "పైనే ఉన్నారు కదండీ ఇప్పుడు," అన్నాడు. కొందరు నవ్వారు. నరసాపురం టీచరు గారు చివరి వరసలో కూర్చున్నారు. మాట్లాడమని పిలిస్తే తల అడ్డంగా ఊపారు. 

సభ అయి అందరూ భోజనాల వైపు వెళ్తుంటే, కుర్చీలు సర్దే మనిషి ఫొటో ఎత్తి పట్టుకుని, "ఇది ఎవరిదండీ? తీసుకెళ్లాలండి, సాయంత్రం పెళ్లుంది," అని అరుస్తున్నాడు. నేను తీసుకున్నాను. 

బస్సులో ఒళ్లో పెట్టుకుని వాళ్లింటికి చేర్చేసరికి పొద్దు వాలింది. అక్కయ్యగారు అరుగు మీదే ఉన్నారు. ఫొటో అందుకుని, కొంగుతో అద్దం తుడుస్తూ, "బాగా జరిగిందాండీ?" అన్నారు.

"బాగా జరిగిందండి. అందరూ వచ్చారు. మాస్టార్ని..." ఏదైనా మంచిమాట చెప్పాలనిపించింది. "మాస్టార్ని మధ్యలో, పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారండి."

ఆవిడ తుడవడం ఆపారు. నావైపు చూసి, అచ్చం ఆయన గొంతుతోనే అన్నారు:

"ఆర్డరేదండీ?"

నేను జేబు తడుముకున్నాను.